ఎకరము, ఫర్లాంగు



నేను పాలకుర్తివాడను. 32 ఏండ్లు బడిపంతులుగా నుండి విశ్రాంతి పొందినవాడను. బాల్యమున గురువుగారి యరుగుమీద కూర్చుండి అమరము వల్లించితిని. రఘువంశము, మనుచరిత్రము చదివితిని. ఇంగ్లీషు నాకు ఉద్యోగము కొఱకు అబ్బిన భాష. అట్టివాడు పాత యింగ్లీషు మాటలను గూర్చి ప్రసంగింప బూనుట మీకు వింతగా దోచవచ్చును. ఆ వింతకు కారణము నా మనుమరాలు.

గడచిన వేసవి సెలవులలో ఆ పిల్ల పట్టణమునుండి మా యింటికి వచ్చినది. ఒకనాటి సాయంకాలము నాతో పొలమునకు వచ్చి, "తాతా, ఇందుల మనదెంత?" అని యడిగినది. "రెండెకరముల పది గుంటలు" అంటిని. "ఎకరం అంటే తెలుగు మాటేనా?" అన్నది. "కాదమ్మా, ఇంగ్లీషు మాట" అంటిని. "అయితే దానికి అర్థమేంది?" అని మఱల నడిగినది.

నేను నిలువబడిపోయితిని. ఎకరమునకు 40 గుంటలని వేలమంది పిల్లలచేత వల్లె వేయించినవాడను. ఊరివారి భూమి కాగితములు నూఱులకొలదిగా చదివి చెప్పినవాడను. ఆ మాటకు ఒక యర్థముండునని ఒక్కనాడైనను తలపనైతిని. ఆ రాత్రి మొదలుకొని దొరికిన పుస్తకములు చూచితిని. చూచిన కొలది, సముద్రముల కావల పుట్టిన యీ మాటలు మన ఎడ్లకొట్టములో పుట్టినట్లే నాకు కనబడినవి. ఆ సంగతి మీతో పంచుకొనుటకే యీ ప్రసంగము.

మొదట ఎకరము. సుమారు 1500 ఏండ్ల క్రిందట జర్మనీ, డెన్మార్కు తీరములనుండి ఆంగ్లులు, సాక్సనులు మొదలగు జాతులవారు బ్రిటను దీవికి వచ్చి నిలిచిరి. వారు మాటలాడినదే పాత యింగ్లీషు. నేటి యింగ్లీషు చదివినవారికి ఆ భాష ఒక్క వాక్యమైనను బోధపడదు. అందులో 'యాకెర్' అని యించుమించుగా పలుకబడిన మాట యొకటి కలదు. దానికి పొలమని మాత్రమే అర్థము. కొలత ఏదియు లేదు. పిమ్మట, ఒక కాడి యెడ్లతో ఒక దినమున దున్నగల నేల అని అర్థము ఏర్పడినది. రోమనులకును ఇట్టి కొలతయే యుండెను. కాడిని వారు 'యుగుమ్' అనిరి. ఒక కాడి యెడ్లు దినమున దున్ను నేలను 'యుగెరుమ్' అనిరి.

ఈ మాట వినగానే మీలో సంస్కృతము చదివినవారికి యుగశబ్దము తోచియుండును. యుగమనగా కాడియే. ఇంగ్లీషులో కాడిని 'యోక్' అందురు. అదియు ఈ కుటుంబములోని మాటయే. ఇంగ్లీషు 'ఆక్స్' మన అమరకోశములోని ఉక్షశబ్దమునకు దాయాది. 'కౌ' గోశబ్దమునకు దాయాది. ఎకరమునకు దాయాది ఋగ్వేదములోని అజ్రశబ్దము; పొలము, మైదానము అని దాని యర్థము. తోలుట అను అర్థముగల అజ ధాతువునుండి అది పుట్టినదనియు, మొదట పశువులను తోలుకొనిపోవు చోటని యర్థమనియు పండితులు తలచుచున్నారు. సంస్కృతము, గ్రీకు, లాటిను భాషలు ఒక్క మూలమునుండి వచ్చినవై యుండవలెనని 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్సు చెప్పెను. మన తెలుగు ఆ కుటుంబములోనిది కాదనియు, తమిళ కన్నడములతో కలిసి వేఱొక కుటుంబమనియు 1816లో మద్రాసులో ఎల్లిసు దొర నిరూపించెను. కావున కాడి, చాలు, ఎద్దు అనునవి మన యింటి మాటలు. యుగము, ఉక్ష అనునవి సంస్కృతము ద్వారా మనకు వచ్చిన చుట్టములు. ఎకరము ఆ చుట్టములకు చుట్టము. దూరపు చుట్టమే గాని, బొత్తిగా పరాయిది కాదు.

ఇక ఫర్లాంగు. నా చిన్నతనమున బాట ప్రక్కన ఫర్లాంగురాళ్లుండెడివి. "బడి రెండు ఫర్లాంగులు" అని పెద్దలు చెప్పెడివారు. పాత యింగ్లీషులో 'ఫుర్హ్' అనగా నాగటిచాలు, 'లాంగ్' అనగా పొడుగు. చాలుపొడుగు అని ఆ మాటకు అర్థము. ఎడ్లు నడుమ ఆగకుండ దున్నుకొని పోగల పొడుగు అది. చాలు చివర రైతు నాగలి నెత్తి, ఎడ్లకు ఊపిరి పీల్చుకొననిచ్చి, వెనుకకు మలుపును. ఆ మలుపునుండి ఈ మలుపు దాక ఒక ఫర్లాంగు.

అక్కడి చాలు అంత పొడుగేల యని మీరడుగవచ్చును. 1086లో ఇంగ్లండు రాజు తన దేశములోని భూములన్నిటిని లెక్క వ్రాయించెను. డూమ్స్‌డే పుస్తకమని దానికి పేరు. అందులో ఊరూరను నాగళ్లెన్నియో లెక్క కలదు. ఒక్కొక్క నాగటికి ఎనిమిది యెడ్లు చొప్పున ఆ లెక్క సాగినది. బరువైన తడినేలలో బరువైన నాగలిని ఎనిమిది యెడ్లు లాగవలెను. నాలుగు జతల నొక్కసారి మలుపుట యెంత కష్టమో బండి తోలిన మీకు చెప్పనక్కఱలేదు. అందుచేత మలుపులు తగ్గునట్లు చాలును పొడుగుగా సాగదీసిరి. ఒక ఎద్దు పాలికి వచ్చు నేలను 'ఆక్స్‌గ్యాంగ్' అనిరి. అట్టివి ఎనిమిదైన ఒక నాగటి సేద్యము. మనవారును "వానిది రెండు నాగండ్ల ఎవుసం" అనుచుందురు గదా! అయితే మన నాగలి తేలిక, రెండెడ్లు చాలును, కోరినచోట మలుపవచ్చును. కనుకనే మన చాళ్లకు అంత పొడుగు అక్కఱ లేకపోయినది.

ఇప్పుడొక చిన్న లెక్క. ఫర్లాంగు 220 గజములు. దానికి వెడల్పు 22 గజములు పెట్టినచో 4840 చదరపు గజములగును. అదియే ఎకరము. సన్నగా, పొడుగుగా నుండు పట్టె వంటి నేల యని తెలియుచున్నది గదా! ఆ 22 గజముల వెడల్పునకే 1620 ప్రాంతమున ఎడ్మండ్ గంటరు అను పండితుడు నూఱు కడియముల గొలుసును ఏర్పఱచెను. భూమి కొలుచువారు పట్టుకొని తిరిగిన గొలుసు అదియే. దానిని సగము చేసిన 33 అడుగులు. 33 అడుగుల చదరము మన గుంట. అనగా 121 చదరపు గజములు. 40 గుంటలు కూడిన ఎకరము. నేను పిల్లలచేత వల్లె వేయించిన లెక్కలో ఇంత నడక దాగియున్నదని నాకు అఱువది యేండ్లు దాటిన పిదప తెలిసినది.

1593లో ఇంగ్లండులో ఎనిమిది ఫర్లాంగులు ఒక మైలని శాసనము చేసిరి. మైలను మాట లాటినునుండి వచ్చినది; వేయి యని దాని యర్థము; రోమను సిపాయి వేయి జంట యడుగులు నడచిన దూరమది. మనదేశమున 1956 నాటి చట్టము వలన మీటర్లు, కిలోమీటర్లు వచ్చినవి. ఫర్లాంగురాళ్లు పోయినవి. ఎకరము మాత్రము పోలేదు. నేటికిని మన పట్టాదారు పుస్తకములలో ఎకరములు, గుంటలే వ్రాయుచున్నారు.

మన పెద్దలును పనినిబట్టియే కొలతలకు పేర్లు పెట్టిరి. క్రోశమనగా కేక; ఒక కేక వినబడు దూరము క్రోసు. గోరుతమనగా ఆవు అంబా యనిన వినబడు దూరము. సాతవాహనుల శాసనములలో భూమిని నివర్తనములలో దానము చేసిరి. నివర్తనమనగా వెనుకకు మలుపుట. నాగలి మలుపును బట్టియే ఆ కొలతకు పేరు వచ్చినదందురు. గోదావరి ప్రక్కను, థేమ్సు ప్రక్కను రైతు తన యెడ్లు మలిగిన చోటనే భూమికి కొలత గుర్తించుకొన్నాడు.

కవిత్వమునకును ఈ మలుపునకును సంబంధము కలదు. ఇంగ్లీషులో పద్యమును 'వెర్స్' అందురు. అది లాటిను మాట. మలుపు అని, చాలు అని, పిమ్మట వ్రాతలోని పంక్తి యని దాని యర్థములు. చాలు చివర ఎద్దు మలిగినట్లు పంక్తి చివర కవి మలుగును. ఇది చదివినప్పుడు నాకు మా ప్రాంతము గుర్తు వచ్చినది. 13వ శతాబ్దమున పాలకురికి సోమనాథుడు మా యూరి పేరు తన పేరుగా ధరించి, జానుతెనుగున బసవపురాణమును ద్విపదలో వ్రాసెను. మాకు చేరువనే బమ్మెర. అక్కడి పోతనామాత్యుడు హాలికుడై, నాగలి పట్టి బ్రతికినాడని ప్రతీతి. చాలును పంక్తిని ఒక్క మాటతో పిలిచిన రోమనుల పద్ధతి మా ప్రాంతమువారికి విడమఱచి చెప్పనక్కఱ లేదు.

ఇంకొక మాట చెప్పి అసలు సంగతికి వచ్చెదను. ఇంగ్లీషులో ప్రభువును 'లార్డ్' అందురు. పాత భాషలో అది రెండు మాటలు: 'హ్లాఫ్' అనగా రొట్టె, 'వెయర్డ్' అనగా కాపరి. రొట్టెను కాచువాడు లార్డు. రొట్టెపిండి పిసుకునామె లేడీ. దొర యనగా తనవారి కూటిని కాపాడువాడని ఆ దినములలో వారు తలచిరి. దొర కూడు కాచుట యెట్టిదో మా పాలకుర్తివారికి తెలియును. 1940 దశకమున చాకలి ఐలమ్మ తాను కౌలుకు పట్టి పండించిన చేని ధాన్యమును విస్నూరు దేశముఖు మనుషులు కొనిపోవ వచ్చినప్పుడు ఎదిరించి నిలిచినది. ఆమె 1985లో గతించినది. 'లార్డ్' అను మాటకు మూలార్థము చదివినప్పుడు, ఆ యూరిలో రొట్టెను కాచినది ఎవరని నాలో నేను అనుకొంటిని.

1066లో ఫ్రెంచి మాటలాడు నార్మనులు ఇంగ్లండును జయించిరి. సుమారు 300 ఏండ్లు కొలువులో ఫ్రెంచియే చెల్లినది. నేటి యింగ్లీషులో కోర్టు, జడ్జి, టాక్సు, రెంటు అను మాటలు ఆ ఫ్రెంచినుండి వచ్చినవే. ఎద్దు, ఆవు, చాలు, ఎకరము అను వాని పేర్లు మాత్రము పాత యింగ్లీషువే నిలిచినవి. ఏలయన దొరలు నాగలి పట్టలేదు. మన తెలంగాణమునను అట్లే జరిగినది. పట్టా, పహాణి, కచేరి, తరి, ఖుష్కి యనునవి పారసీకము, ఉర్దూ తెచ్చిన మాటలు. నాగలి, కాడి, మేడి, కఱ్ఱు, చాలు అనునవి మనవే. ఎన్ని రాజ్యములు మాఱినను ఆ మాటలు మాఱలేదు. ఏలయన దున్నువాడు మాఱలేదు.

ఇప్పుడు దున్నువాడే మాఱినాడు. ట్రాక్టరునకు కాడి లేదు, మేడి లేదు. దానివలన రైతునకు కలిగిన సుఖమును నేను కాదనను. ఎండలో ఎడ్లవెంట నడచినవాడెవ్వడు ఆ కష్టము మఱల కావలెనని కోరడు. కాని ఎడ్లతోపాటు వాని చుట్టునున్న మాటలు పోవుచున్నవి. మాటలు పోయిన నేమి నష్టమని యందురా? నేను కన్నులార చూచినది చెప్పెదను.

సుమారు 15 ఏండ్ల క్రిందట, నా దగ్గఱ చదువుకొన్న ఇద్దఱన్నదమ్ములు ఒక పాత కాగితము తీసికొని నాయొద్దకు వచ్చిరి. వారి తాత వ్రాయించిన పంపకము కాగితమది. అందులో, తూర్పు చెలకలో మూడు కొండ్రలు చిన్నవానికని, తక్కినది పెద్దవానికని వ్రాసియున్నది. కొండ్ర యనగా ఒక గట్టునకు మఱియొక గట్టునకు నడుమ నున్న నేల యంతయు నని తమ్ముని వాదము. కొండ్ర యనగా నాలుగు చాళ్ల వెడల్పు మాత్రమే యని అన్న వాదము. అప్పటికే వారు రెండేండ్లు న్యాయస్థానము చుట్టు తిరిగి, చెఱి రెండెడ్ల వెల కోలుపోయిరి. ఇద్దఱి నడుమ మాటలు లేవు. తల్లి ఒకరి యింట తినుచు రెండవవాని కొఱకు ఏడ్చుచుండెను. "సారూ, మీరు పండితులు, మీరెంత చెప్తే అంత" అనిరి.

నేను నిఘంటువులు తీసితిని. అవి మాటకు అర్థము చెప్పినవి గాని, ఆ చెలకలో ఎంత నేలయో చెప్పలేదు. నా పాండిత్యము అక్కడ నిలిచిపోయినది. అప్పుడు మా వీథిలోని ముసలి రైతుకూలి యొకడు గుర్తు వచ్చెను. ఎనుబదియేండ్లు దాటినవాడు, అక్షరము రానివాడు, ఆ యన్నదమ్ముల తాత యొద్ద జీతమున్నవాడు. "పెద్దయ్యా, కొండ్ర అంటే ఎంత?" అని యడిగితిని. ఆయన నా చేతిలోని పుస్తకమును చూచి నవ్వి, "పంతులూ, గది పుస్తకంల దొరుకది. చెలకల నడిస్తె దొరుకుతది" అనెను.

మేము నలుగురము చెలకకు పోతిమి. ఆయన కఱ్ఱతో ఒక రాతిని తట్టి, "ఈడ మొదలువెట్టి ఆ యాపచెట్టుకాడ మలిపెటోళ్లం. అటు పోయి గీ ఒరం పట్టి మల్ల వచ్చెటోళ్లం. సుట్టు సాలు గీసినంక, నడుమంతా దున్నుడే. పొద్దుగాల్ల కడితె అంబటాళ్లకు ఒడిసేది. గంతే ఒక కొండ్ర" అని, తన యడుగులతో నడచి చూపెను. అంబటాళ్లనగా అంబలి త్రాగు వేళ. ఒక పూట దుక్కికి చుట్టును గీసికొన్న హద్దు కొండ్ర. పాత యింగ్లీషువాని ఎకరము దినపు కొలత యైనట్లు, మా రైతు కొండ్ర అంబలివేళ కొలత.

టేపు పెట్టి కొలిచితిమి. మూడు కొండ్రలు కూడి ఎకరమునకు కొన్ని గుంటలు మించెను. అన్న యన్న దానికంటె ఎక్కువ, తమ్ముడడిగిన దానికంటె చాల తక్కువ. ఇద్దఱును ఆ ముసలివాని మోము చూచి మఱి మాటాడలేదు. ఆ సాయంకాలమే హద్దురాళ్లు పాతిరి. దావా వదలుకొనిరి. తల్లి ఆ రాత్రి ఇద్దఱికి ఒక్కచోట వడ్డించినదని పిదప వింటిని.

రెండేండ్లకు ఆ ముసలివాడు గతించెను. ఆయన పోయిన పిదప నా కొక్క సంగతి గుండెలో ముల్లువలె నాటినది. ఆ నాడు చెలకలో ఆయన ఒక గడియలో నేను వినని మాటలు ఇరువది ముప్పది పలికెను. నా జేబులో కలము, కాగితము రెండును ఉండెను. ఒక్కటి వ్రాసికొనలేదు. పిల్లలకు సంధులు, సమాసములు చెప్పి భాషకు సేవచేసితినని తలచిన నేను, నాలుగిండ్ల కావల నున్న ఆ నిఘంటువును తెఱచి చూడనైతిని.

మాట పోయిన పిదప ఏమి యగునో శాసనములు చెప్పుచున్నవి. కాకతీయుల నాటి రాళ్లమీద మఱుతురు అను భూమికొలత పలుమాఱు కనబడును. దేవునికి ఇన్ని మఱుతురులు, చెఱువు క్రింద ఇన్ని మఱుతురులు అని స్పష్టముగా చెక్కించిరి. రాయి చెడలేదు, అక్షరము చెడలేదు. మఱుతురనగా ఎంత నేలయో పండితులు ఏకాభిప్రాయమునకు రాలేదు. చెక్కించిన రాజునకు గాని, చెక్కిన శిల్పికి గాని ఆ కొలత వివరింపవలెనని తోచలేదు. అది అందఱికి తెలిసిన మాట గదా యనుకొనిరి. కొండ్రను గూర్చి ఆ యన్నదమ్ముల తాత యనుకొన్నదియు అదియే.

ఇంగ్లండువారు ఈ విషయమున మేలుకొనిరి. 1879లో జేమ్సు మర్రే అను పండితుడు తమ మహానిఘంటువు కొఱకు మాటలు పంపుడని ప్రజలకు విన్నపము చేయగా, చదువరులు లక్షల చీటీలు వ్రాసి పంపిరి. పల్లెమాటల నిఘంటువును 1898 మొదలు 1905 వఱకు ఆఱు సంపుటములుగా ప్రకటించినవాడు జోసెఫ్ రైటు. ఆయన బాల్యమున మిల్లులో కూలి చేసి, పదునైదేండ్ల ప్రాయమున చదువ నేర్చినవాడు. తుదకు ఆక్స్‌ఫర్డులో ఆచార్యుడయ్యెను. మన తెలుగునను ఆ పని జరిగినది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు జిల్లాల నుండి రైతుల మాటలు సేకరింపించి కూర్చిన మాండలిక వృత్తి పదకోశము తొలి సంపుటమును, వ్యవసాయ పదములతో, 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించినది. అది గొప్ప పని. కాని ఏ నిఘంటువును మీ యూరి చెలకలో ఏ రాతినుండి ఏ చెట్టు దాక కొండ్రయో చెప్పజాలదు. అది చెప్పగలవారు మీరే.

పెద్దలారా, మీలో చదువు వచ్చినవారిని ఒక్కటి వేడుకొనుచున్నాను. నలువది పుటల పుస్తక మొకటి కొనుడు. మొదటి పుటలో మీ పొలముల పేర్లు, వానికి ఆ పేర్లు వచ్చిన కారణములు వ్రాయుడు. పిమ్మట నాగలి, గుంటక, బండి, మోట, మగ్గము – మీ యింట ఏ పని యుండెనో దాని యంగముల పేర్లు వ్రాయుడు. కొలత మాటలకు కొలత యెంతయో, వేళను తెలుపు మాటలకు ఏ ప్రొద్దో తప్పక వ్రాయుడు. మీకు చదువు వచ్చి, మాట తెలియకున్నచో, మాట తెలిసి చదువు రాని ముసలివారి యొద్దకు పోయి కూర్చుండుడు. వారు పలికినది పలికినట్లే వ్రాయుడు, దిద్దకుడు. పంతులు దిద్దిన మాటకంటె వారు పలికిన మాటయే రేపు మీ మనుమలకు పనికివచ్చును.

నేనును మొదలు పెట్టితిని. నా మనుమరాలు పట్టణమునకు పోవుటకు ముందు నా పుస్తకము తీసి మొదటి మాట తానే వ్రాసినది. కొండ్ర అని వ్రాసి, దాని ప్రక్కన "రాయి నుంచి వేపచెట్టు దాక, పొద్దున నుంచి అంబటాళ్ల దాక" అని వ్రాసినది. చెట్టు ఇప్పుడు లేదు. రాయి యున్నది.